అడుగువారి మాట

అంగడి పెట్టినవాడు సరకును తన కలవాటైన పేరుతో పిలుచును. కొనవచ్చినవాడు తన యింటి వాడుకలోని పేరుతో అడుగును. వీధి యంగడిలో ఈ రెండు పేర్లు వేరైనను చిక్కు లేదు. కొనువాడు వ్రేలు చూపిన చాలును, వర్తకుడు గ్రహించి సరకు తీసి ముందుంచును. అంతర్జాలపు అంగడిలో వ్రేలు చూపుటకు అవకాశము లేదు. గూగుల్ వంటి శోధనయంత్రమునందు కొనువాడు టైపు చేసిన నాలుగు మాటలే ఆధారము. ఆ మాటలకును మన పుటలోని మాటలకును పొత్తు కుదరనిచో, సరకెంత మేలైనదైనను అతని కంటబడుట దుర్లభము. కావున కొనువారేమని అడుగుచున్నారో ముందుగా తెలిసికొనవలెను. ఈ పనినే ఆ వృత్తివారు కీవర్డు రీసర్చి యందురు. మనము కీలకపదాన్వేషణ యనుకొందము.

డెబ్బదేండ్లు దాటిన తెలుగు ఉపాధ్యాయునకు ఈ విద్యతో పనియేమని చదువరులు ఆశ్చర్యపడవచ్చును. మా పూర్వులు తెలంగాణమునుండి సోలాపురమునకు వచ్చి స్థిరపడిన పద్మశాలీలు. మా మేనల్లుడు నేటికిని కొన్ని మరమగ్గములపై చద్దర్లును తువ్వాళ్లును నేయించుచున్నాడు. సోలాపురపు చద్దరునకు భౌగోళిక సూచిక యను గుర్తింపు కలదు. ఐనను గుర్తింపు వేరు, గిరాకి వేరు. దళారులపై ఆధారపడక నేరుగా అమ్మవలెనని అతడు రెండేండ్ల క్రిందట వెబ్ సైటొకటి పెట్టదలచెను. "మామా, నీకు నాలుగైదు భాషలు తెలుసు. జనం దీన్ని ఏమని అడుగుతరో జర రాసియ్యి" అని నా యొద్దకు వచ్చెను.

ఆ పని మేము కంప్యూటరుతో మొదలిడలేదు, చుట్టములతో మొదలిడితిమి. మా యింట దానిని చద్దరనియే యందురు. గోదావరి ప్రాంతపు వియ్యాలవారు దుప్పటి యనిరి. బెంగుళూరులోని కన్నడ మిత్రుడు హొదికె యనెను. చెన్నపట్టణమునందలి మా బంధువులు తమ యిరుగుపొరుగువారు పోర్వై యందురని చెప్పిరి. బరంపురమునుండి చాదర యను ఒడియా మాట వచ్చినది. ఆంగ్లమున కొందరు బ్లాంకెట్టనిరి, కొందరు బెడ్ షీటనిరి. బెడ్ షీటు పరచుకొనునది, మాది కప్పుకొనునది. ఒక్క నూలుబట్టకు ఇన్ని పేర్లు. ఆంగ్లాక్షరములలో వ్రాయునప్పుడు ఒక్కొక్క పేరునకు మరల రెండు మూడు వర్ణక్రమములు. నోటుపుస్తకములో రెండు పుటలు నిండినవి.

ఈ పద్ధతి మన భాషకు క్రొత్తది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు సిద్ధపరచిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయపదములతో 1962లోను, చేనేతపదముల సంపుటము 1971లోను వెలువడినవి. పండితుడు తన గదిలో కూర్చుండి మాటలు కల్పింపక, పనిచేయువాని యొద్దకు పోయి "దీనిని మీరేమందురు?" అని అడుగుటయే అట్టి కోశములకు మూలము. కీలకపదాన్వేషకుడును అదే ప్రశ్న వేయును. ఆ కోశకారులు నేతగానిని అడిగిరి, ఇతడు కొనువానిని అడుగును.

పిమ్మట యంత్రమును ఆశ్రయించితిమి. ప్రారంభించువారికి మూడు సాధనములు చాలును, మూడును వెల లేనివే. మొదటిది శోధనపు పెట్టెయే. అందు ఒక మాట సగము వ్రాయగనే క్రింద కొన్ని పూర్తివాక్యములు కనబడును. అవి చాలవరకు ఇతరులు నిజముగా అడిగిన ప్రశ్నలనుండి పుట్టినవి. రెండవది గూగుల్ ట్రెండ్సు. ఒక మాటను ఏ రాష్ట్రమున, ఏ నెలలలో ఎక్కువగా అడుగుచున్నారో అది పోల్చి చూపును. అందలి 100 అనునది నూరుగురు అడిగిరని కాదు. ఆ కాలమున ఆ మాట అందుకొన్న మిక్కిలి యెత్తుకు గుర్తు. మూడవది కీవర్డు ప్లానరు. నెలకు సగటున ఎన్ని మారులు అడుగుదురో అది తెలుపును. ప్రకటనలపై వ్యయము చేయనివారికి ఖచ్చితమైన లెక్క నీయక, 1,000 నుండి 10,000 వరకు అన్నట్లు హద్దులు మాత్రము చూపును. అందు పోటీ యను గడి యొకటి కలదు. అది ప్రకటనదారుల మధ్య పోటీయే కాని, సహజముగా మొదటి పుటకెక్కుటలోని కష్టము కాదు. క్రొత్తవారు ఈ భేదమును గుర్తుంచుకొనవలెను.

లెక్కకంటె ముఖ్యమైనది అడుగువాని ఉద్దేశము. వట్టి చద్దరని హిందీలో అడుగువారిలో ఇంటికప్పునకు వేయు ఇనుపరేకులు కోరువారును కలరు. చాదరని ఆంగ్లాక్షరములలో వ్రాసినచో లడాఖులో గడ్డకట్టిన జంస్కార్ నదిపై నడచు యాత్ర యెదురగును. ఇట్టి పొట్టిమాటలను లక్షలమంది అడిగినను మా మేనల్లునకు ప్రయోజనము లేదు. "సోలాపూరు నూలు చద్దరు డబుల్ బెడ్డు ధర" అని అడుగువారు కొలదిమందియే యైనను, వారు కొనదలచి వచ్చినవారు. "క్రొత్త చద్దరు రంగు పోకుండ ఎట్లు ఉతకవలెను?" అనువారు నేడు కొనరు, తెలిసికొన వచ్చినవారు. వారికి వేరొక పుటలో ఓపికతో సమాధానము వ్రాయవలెను. పొడుగు మాటలలో పోటీ తక్కువ, ఉద్దేశము స్పష్టము. చిన్న వర్తకుడు అచ్చట మొదలిడుట మేలు.

మాటలు దొరికినవి గదాయని వానినే పుటనిండ కుమ్మరింపరాదు. పుట వెనుక కీలకపదముల పట్టికను దాచియుంచు ఆచారము ఒకప్పుడుండెడిది. దానిని తాము లెక్కింపమని గూగుల్ సంస్థ 2009లోనే ప్రకటించినది. 2019 నుండి బెర్ట్ అను పద్ధతివలన వాక్యమునందలి మాటల పరస్పర సంబంధమును సయితము కొంత గ్రహించుచున్నది. కావున ఒక్కొక్క పుటకు ఒక్క విషయము, శీర్షికలో ఒక ముఖ్యమైన మాట, తక్కినది చదువరికి పనికివచ్చు వివరము: ఇంత చాలును.

ఈ లెక్కలన్నియు చూచిన పిదప మా మేనల్లుడు తెలుగు పుట అక్కరలేదనెను. "మామా, మరాఠీల, హిందీల, ఇంగ్లీషుల జనం అడుగుతున్నరు. తెలుగుల సున్న చూపిస్తున్నది" అని అతని వాదము. అది వ్యాపారరీత్యా త్రోసివేయదగినది కాదు. ఐనను ఆ సున్నను చదువు తీరు నాకు వేరుగా తోచినది. ట్రెండ్సులో సున్న యనగా చాలినంత సమాచారము లేదని అర్థము, మాట లేదని కాదు. ప్రతిదినము తమకు వచ్చు ప్రశ్నలలో 15 శాతము మునుపెన్నడును రానివని గూగుల్ సంస్థయే చెప్పుచున్నది. అంతేకాక, మనవంటి కుటుంబముల పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు, బడిలో మరాఠీయో కన్నడమో తమిళమో ఒడియాయో చదువుదురు. తెలుగు లిపి రానివారు దుప్పటి యను మాటను ఆంగ్లాక్షరములలోనే టైపు చేయుదురు. వారు మన భాషలోనే అడుగుచున్నారు. తెలుగు లిపి గడిలో వారి లెక్క పడదు. ఎవరును అడుగుటలేదని మనము వ్రాయమానినచో, అడిగినవానికి ఏమియు దొరకదు. దొరకనివాడు మరునాడు వేరొక భాషలో అడుగును. అప్పుడా సున్న నిజమగును.

కడకు మా యిద్దరికి ఒడంబడిక కుదిరినది. అమ్మకపు పుటలు మరాఠీ, హిందీ, ఆంగ్లములలో ఉండును. తెలుగున ఒక్క పుట నేను వ్రాసితిని. అందు చద్దరు, దుప్పటి యను రెండు మాటలను వాడి, నూలు రకము, కొలతలు, ఉతుకు విధము తెలిపితిని. క్రింద ఆ మాటలనే ఆంగ్లాక్షరములలోను ఉంచితిమి. సెర్చి కన్సోలను సాధనము ఏ మాటతో ఎందరు వచ్చినది చూపును. తెలుగు పుటకు వచ్చువారు కొలదిమందియే. వారిలో కొందరు సూరతునుండియు, భీవండినుండియు ఉత్తరువు పంపిరి.

ఈ సంచిక చదువు బళ్లారి, హోసూరు, బరంపురము, యానాము కుటుంబములవారికి నాదొక విన్నపము. మీ యింట కప్పుకొను నూలుబట్టను మీ పెద్దలేమనెడివారో, మీ పిల్లలేమనుచున్నారో ఒక కాగితముపై వ్రాసి సంఘమునకు పంపుడు. మా నోటుపుస్తకములో ఇంకను ఖాళీపుటలున్నవి.