భూమి క్రింద వినిపించిన స్వరము



దేవుని కృపను బట్టి మేము రోమాలో, అప్పీయా దారి ప్రక్కనున్న కలిస్తు భూగర్భ సమాధులను చూశాము. హింసల కాలములో విశ్వాసులు అక్కడ దాగి బ్రతికారని చిన్ననాటి నుండి విన్నాము. నిజానికి అది 2వ శతాబ్దము చివర మొదలైన సమాధుల స్థలము. ఇరుకు సందులు నాలుగు అంతస్తులుగా సుమారు 20 కిలోమీటర్లు! గైడు లేనిదే ఎవరినీ దిగనివ్వరు.

ఎందుకో మాకు లోపలే తెలిసింది. రాతి మీద చెక్కిన లంగరు గుర్తును చూస్తూ మేమిద్దరము వెనుకబడ్డాము. మలుపు తిరిగితే రెండు దారులు, మనుషులు లేరు. గుండె జల్లుమంది. కదలకుండా నిలబడి, గైడు గొంతు వినిపించిన వైపే నడిచి గుంపును కలుసుకున్నాము.

వెళ్ళే కుటుంబాలకు మా మనవి. బుధవారము సెలవు. ఎండకాలములోనూ లోపల సుమారు 16 డిగ్రీల చలి, శాలువా ఉంచుకోండి. జారని చెప్పులు తొడుక్కోండి. ఫొటోలు తీయనివ్వరు. మెట్లు ఎక్కువ గనుక మోకాళ్ళ నొప్పులు, ఆయాసము ఉన్నవారు దిగకముందే గైడుకు చెప్పండి, మొహమాటపడవద్దు. పెద్దలను, పిల్లలను గైడు వెనుకనే నడిపించి, ఇంటివారొకరు చివర నడవండి.

ఆ సమాధులలో గొఱ్ఱెను భుజాన మోసే మంచి కాపరి బొమ్మ ఉన్నది. ఆ బొమ్మను ఎన్నోసార్లు పుస్తకాలలో చూశాము. కాపరి స్వరము ఎంత అవసరమో మాత్రము ఆ సందులోనే నేర్చుకున్నాము.