పిక్చర్ ట్యూబ్ పగలనివ్వకండి వదినగారూ

వదినగారూ, ఒక్క నిమిషం! ఆ పాతసామాన్ల అబ్బాయిని పిలిచింది మీరేనా? గేటు పక్కన టీవీ దింపించి ఉండటం వంటింటి కిటికీలోంచి చూశాను. పులుసు కింద మంట తగ్గించి పరిగెత్తుకొచ్చాను. ఎంతిస్తానంటున్నాడు? రెండొందలా? పేపర్లూ అట్టపెట్టెలూ ఇచ్చెయ్యండి, పాపం ఎండలో బండి తోసుకొచ్చాడు. టీవీ మాత్రం ఇవ్వకండి. ఇవాళ్టికి వద్దని చెప్పండి.

ఇలా గోడ దగ్గరికి రండి, వేపచెట్టు నీడ ఉంది. చెబుతాను.

నాలుగేళ్ల కిందట మేమూ ఇదే పని చేశాం. మాది 21 అంగుళాల డబ్బా టీవీ, మీకు గుర్తుండే ఉంటుంది, మీ పెద్దాడు మా ఇంటికొచ్చి అందులోనే క్రికెట్టు చూసేవాడు. బొమ్మ మసకబారింది, మెకానిక్కు వచ్చి ట్యూబు పోయిందన్నాడు. కొత్తది కొన్నాక పాతది ఆర్నెల్లు మెట్ల కింద మూలిగింది. ఒక ఆదివారం మావారు బండివాణ్ణి పిలిచి ఇచ్చేశారు. ఇల్లు ఖాళీ అయిందని సంతోషించాను కూడా. మూడు వారాలు గడిచాయి. పొద్దున్నే నడకకి వెళ్తే కాలువ గట్టున చెత్తకుప్పలో ఒక టీవీ డొప్ప. దాని మీద మా అమ్మాయి చిన్నప్పుడు అంటించిన ఎర్ర సీతాకోకచిలుక స్టిక్కరు. మాదే! డొప్ప సగం కాలి ఉంది. ట్యూబు మెడ విరిచేశారు. లావు లావు గాజుపెంకులు గట్టు మీంచి నీళ్లదాకా జారి ఉన్నాయి. ఆ రోజు అన్నం సయించలేదు వదినగారూ, నిజంగా.

ఆ అబ్బాయిని అనడానికి లేదు. అతను కొట్టుకి చేరుస్తాడు, కొట్టువాడికి కావాల్సింది రాగి. ట్యూబు మెడ చుట్టూ రాగితీగ చుట్ట ఉంటుంది, మెకానిక్కులు యోక్ అంటారు. దాన్ని ఊడదీయడానికి సుత్తితో ఒక్క దెబ్బ, మెడ విరుగుతుంది. లోపల గాలి లేకుండా తీసేసిన గాజుబుడ్డి కదా అది, ఒక్కసారిగా పగిలితే పెంకులు ఎగిరి మొహాన పడతాయి. అక్కడ పనిచేసేది పద్నాలుగు పదిహేనేళ్ల కుర్రాళ్లు. చేతులకి తొడుగులుండవు, కళ్లకి అద్దాలుండవు. వైర్లయితే పైన ప్లాస్టిక్కు ఒలిచే ఓపిక ఎవరికుంటుంది, మంటలో పడేస్తారు. ఆ పొగ ఎంత విషమో! రాగి తీసుకున్నాక ఇక గాజు. దాన్ని కొనేవాడు లేడు. పిక్చర్ ట్యూబులు తయారయ్యే రోజుల్లో పాత గాజు కరిగించి కొత్త ట్యూబుల్లో కలిపేవారు. ఇప్పుడు మన దేశంలో వాటి తయారీయే ఆగిపోయింది. అందుకే ఎటుతిప్పి ఎటు వెళ్లినా ఆ గాజు చివరికి కాలువ గట్టుకే చేరుతుంది.

గాజే కదా అనకండి. అది సోడాబుడ్డి గాజు కాదు. ట్యూబులో వేల ఓల్టుల కరెంటుతో బొమ్మ పుడుతుంది, అప్పుడు పుట్టే ఎక్స్‌రేలు మన మీదకి రాకుండా గాజులో సీసం కలుపుతారు. ముందువైపు అద్దం వేరు రకం, వెనక గరాటులా ఉండే భాగంలో మాత్రం నూటికి ఇరవై పాళ్లకు పైగా సీసపు ఆక్సైడే. మా అమ్మ ఇత్తడి గిన్నెలకి కళాయి వేయించేటప్పుడు దగ్గర పీట వేసుకు కూర్చునేది, తగరంలో ఎక్కడ సీసం కలిపేస్తాడోనని. గిన్నెకంటే అంత భయపడ్డాం. మరి కిలో దాకా సీసం పట్టే గాజుబుడ్డిని ముక్కలు చేసి నీళ్ల పక్కన పోస్తే? సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బ తీస్తుంది. ఇంతవరకూ ఫరవాలేదని చెప్పే మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. మన బెజవాడ నుంచి వెళ్లే కాలవల నీళ్లే కదా కింద పొలాలకి పారేది? బందరు వైపు మీ పుట్టింటి ఊళ్లో ఎండాకాలానికి మంచినీళ్ల చెరువు నింపేది కూడా కాలువ నీళ్లతోనేగా?

అద్దం లోపలివైపు తెల్లటి పొడి పూత కూడా ఉంటుంది. పగిలిన ట్యూబు కనబడితే పిల్లల్ని దాని జోలికి వెళ్లనివ్వకండి. చీపురుతో ఊడ్చినా పొడి లేస్తుంది, తడిగుడ్డతో తియ్యాలి.

ఏమిటీ, మీ హాల్లో గోడకున్న టీవీయా? పల్చటి వాటిల్లోనూ రెండు రకాలు. పాత ఎల్‌సీడీల్లో అద్దం వెనక సన్నటి ట్యూబులైట్లుండేవి, వాటిలో పాదరసం. ఎల్‌ఈడీ టీవీల్లో ఆ బెడద లేదు. అయినా ఏది తీసేసినా పగలకుండానే పంపాలి. స్మార్ట్ టీవీ అయితే ఇచ్చేముందు మన అకౌంట్లన్నీ అందులోంచి తీసేయమని పిల్లలకి చెప్పండి.

మీది ఇంకా పలుకుతోందంటున్నారు కదా! అయితే అసలు పారెయ్యడం ఎందుకు? వెనక పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు పెట్టే చోట్లున్నాయా? ఉంటే డీడీ ఫ్రీడిష్ డిష్షూ పెట్టే తగిలిస్తే చాలు, నెలనెలా డబ్బు కట్టే పని లేకుండా ఛానళ్లొస్తాయి. వీధి చివర అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్యకి టీవీ లేదు, నన్ను రెండుసార్లు అడిగింది. పాడైన టీవీనైతే ఎవరికీ దానం ఇవ్వకూడదు, అది దానం కాదు, మన బరువు వాళ్ల నెత్తిన పెట్టడం.

మా ఇంట్లో ఇప్పుడు మామగారి టీవీ ఉంది. హైదరాబాదు ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ, బ్లాక్ అండ్ వైట్. 1987లో రామాయణం మొదలైతే ఆదివారం పొద్దున్న మా అత్తగారు దానికి బొట్టు పెట్టి, పూలదండ వేసేవారట. వీధి వీధంతా చాప మీద కూర్చునేదట. ఆయన పోయాక కూడా పారెయ్యడానికి చేతులు రాలేదు. ఇప్పుడు చెదలు పట్టింది, ఇక తప్పదు. దాన్ని సుత్తిదెబ్బకి ఇవ్వను. అందుకే పది రోజులుగా ఈ సంగతులన్నీ కనుక్కుంటున్నాను.

ఈ-వ్యర్థాలకి 2022లో కొత్త నిబంధనలు వచ్చాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఈ సామాను విప్పడం, కరిగించడం కుదరదు. టీవీలు తయారుచేసి అమ్మే కంపెనీల మీద కూడా బాధ్యత ఉంది, అమ్మినదాంట్లో లెక్కప్రకారం ఇంత సామాను రీసైక్లింగు అయినట్టు చూపించాలి. రిజిస్టరైనవాళ్ల జాబితా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో ఉంటుంది. మా అమ్మాయి ఫోన్లోనే వెతికి పెట్టింది. రాష్ట్ర మండలి ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే ఉంది, అక్కడా అడగొచ్చు. పెద్ద కంపెనీల సైట్లలో పాత సామాను ఎక్కడివ్వాలో టోల్‌ఫ్రీ నంబరుతో సహా ఉంటుంది.

కొత్త టీవీ కొంటూ ఎక్స్ఛేంజిలో ఇచ్చేస్తే పని అయిపోదా అంటారు. అవుతుంది, కానీ ఒక మాట అడగాలి. “ఈ పాతది ఎక్కడికి పంపుతారు, రసీదు ఇస్తారా?” అని. కిందటి నెల ఒక కొట్టులో అడిగితే కుర్రాడు నీళ్లు నమిలాడు. అక్కడ కొనకుండా వచ్చేశాను. రిజిస్టరైన కంపెనీవాళ్లు టీవీకి పెద్దగా డబ్బివ్వరు, ఒక్కోసారి అసలివ్వరు. అక్కడే అందరం జారిపోతాం. బండివాడి రెండొందలు చేతిలో కనబడుతుంది, కాలువ గట్టున పెంకులు కనబడవు. నేను చూశాను కనుక నాకు ఆ రెండొందలు వద్దు.

నేను ఫోన్ చేసిన రీసైక్లింగు వాళ్లు ఒక్క టీవీ కోసం రామన్నారు, నాలుగైదు సామాన్లుంటే బండి పంపుతామన్నారు. ఎదురింటివాళ్ల పాడైన కంప్యూటరు తెరా, మేడమీద అద్దెకున్నవాళ్ల సెట్‌టాప్ బాక్సులూ, మా మామగారి టీవీ అయ్యాయి. ఒకసారి పెట్టి చూడండి, మీది పలకకపోతే అదీ కలపండి. పలికితే వాచ్‌మన్ ఇంటికే.

అన్నయ్యగార్ని ఒక్కర్నే ఎత్తనివ్వకండి, ఇరవై కిలోల పైమాటే, బరువంతా అద్దం వైపే ఉంటుంది. ఇద్దరు పట్టుకుని, అద్దం ఛాతీ వైపు తిప్పుకోవాలి. వెనక మూత మాత్రం ఎవరూ విప్పొద్దు. ప్లగ్గు పీకేశాక కూడా ట్యూబులో కరెంటు నిలవుండొచ్చు, షాకు కొడుతుంది. పాత దుప్పటి ఒకటి చుట్టండి చాలు. రిమోటు బ్యాటరీలు తీసి విడిగా డబ్బాలో వేసివ్వండి.

శనివారం పొద్దున పదింటికి బండి వస్తుంది. శుక్రవారం రాత్రికే మా వరండాలో పెట్టించెయ్యండి వదినగారూ. రసీదు నేను తీసి పెడతాను.