పొగ బరువు

మన పెద్దలు రైలును పొగబండి అన్నట్లే స్టీమరును పొగఓడ అన్నారు. బొగ్గు పోయి చమురు వచ్చినను ఆ పేరు పాతబడలేదు. 2018 లెక్కల ప్రకారం మానవుని వల్ల వెలువడే హరితగృహ వాయువులలో నూటికి దాదాపు మూడు పాళ్లు ఓడలవే. వీటిని 2050 నాటికి, లేదా ఆ దరిదాపులలో, నికరంగా సున్నకు తేవాలని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2023లో సంకల్పించింది.

తెలుగు పాఠం చెప్పుకొనే మాకు ఈ యంత్రాలతో పనేమని విద్యార్థులు అడుగవచ్చు. ఒక చిన్న లెక్క మమ్ము ఇటు లాగినది. టన్ను నూనె మండితే మూడు టన్నులకు పైగా బొగ్గుపులుసు గాలి పుడుతుంది. నూనెలోని కర్బనం గాలిలోని ప్రాణవాయువును కలుపుకొనుటయే కారణం. ఆకాశంలోకి వదలినంత కాలం ఆ బరువు నావికునికి తెలియదు. ఇన్నాళ్లూ అందులో నాలుగో వంతు మోసినది సముద్రమే. ఆ వాయువును పీల్చుకొని దాని నీరు క్రమంగా పులుస్తున్నది.

పొగను చిమ్నీలోనే పట్టాలంటే దానిని అమీను అనే రసాయనంతో కడగాలి. వేడిచేసి వాయువును విడదీయాలి. చల్లబరచి ద్రవంగా తొట్లలో నింపాలి. ఆ వేడికి, ఆ చలువకు మరికొంత ఇంధనం ఖర్చు. ఎంత పట్టితే అంత మోయాలి. సరకు మోయవలసిన ఓడ తన పొగను తానే మోసుకొని తిరుగుతుందన్నమాట!

ఇంధన ఘటం దారి వేరు. 1839లో విలియం గ్రోవ్ చూపినట్లు, హైడ్రోజన్ ప్రాణవాయువుతో కలిసి మంట లేకుండానే విద్యుత్తును, నీటిని ఇస్తుంది. అపోలో వ్యోమగాములు ఆ నీటినే తాగారు. నార్వేలో సుమారు 80 కార్లను సముద్రపు పాయ దాటించే హైడ్రా అనే నౌక (మన కృష్ణలో బల్లకట్టు చేసే పనే) 2023లో ద్రవ హైడ్రోజన్‌తో నడక సాగించింది. మన కొచ్చిన్ షిప్‌యార్డ్ కట్టిన చిన్న నౌక 2024 ఫిబ్రవరిలో కాశీ గంగ కోసం ప్రారంభమైనది. అయితే ద్రవ హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీల చలిలో ఉంచాలి. అదే శక్తికి నూనె కంటె నాలుగింతలకు పైగా చోటు కావాలి. పైగా నేటి హైడ్రోజన్‌లో అధికభాగం సహజవాయువు, బొగ్గుల నుండి తీసినదే. అట్టిదానిని వాడితే పొగ సముద్రం నుండి ఫ్యాక్టరీకి కాపురం మార్చినట్లే.

పుట్టిన పొగను పట్టుట కంటె పుట్టనీయకుండుటే మాకు ఇష్టం. కాని మహాసముద్రాలు దాటే ఓడ ఒకసారి కట్టితే పాతికేళ్లు తేలుతుంది, ఇప్పుడున్నవాటిని ఏంచేయాలి? 2025లో సింగపూరులో క్లిప్పర్ ఎరిస్ అనే గ్యాసు నౌకకు పొగపట్టే యంత్రం అమర్చారు. ఆ తొట్లు నిండిన తరువాత దింపుకొనే రేవుల పట్టిక మాత్రం ఇంకా చాల చిన్నది.