కట్టుడు పళ్లు

నోటికి భుజించడం, భాషించడం అని రెండు పనులు. రెండింటికీ దంతాలు ఆధారం. త, థ, ద, ధ, న, ల, స వర్ణాలను వ్యాకరణవేత్తలు దంత్యాలన్నారు, వకారాన్ని దంతోష్ఠ్యమన్నారు. తెలుగు చ, జలలోనూ దంత్యాలున్నాయి. పల్నాటి సీమకు తరతరాల ఆహారమైన జొన్న పేరులోని జకారం అటువంటిదే. పళ్లు పోయినవారికి జొన్నరొట్టె నమలడమే కాదు, ఆ మాట స్పష్టంగా పలకడం కూడా ప్రయాసే.

పల్నాడు జిల్లా నూజెండ్ల మా మేనమామగారి ఊరు. ఆయన రామాలయం అరుగుమీద భారతం చదివి అర్థం చెప్పేవారు. డెబ్బయ్యేళ్లు దాటేసరికి పళ్లన్నీ పోయాయి. కట్టించుకున్న సెట్టులో పైపలక అంగిలికి అంటుకొని నిలిచింది. కిందిపలక మాత్రం నాలుక కదిలినప్పుడల్లా లేచేది. సంయుక్తాక్షరం వచ్చినచోట నోటికి చేయి అడ్డం పెట్టుకునేవారు. క్రమంగా పెళ్లిళ్లలో పంక్తిన కూర్చోవడం మానారు. భారతాన్ని గుడ్డలో చుట్టి అటకెక్కించారు. “పళ్లు వచ్చాయిరా, నోరే నాది కాకుండా పోయింది” అన్నారొకనాడు.

ఇందుకు కారణం ఉంది. పైపలకకు విశాలమైన అంగిలి ఆశ్రయం. నడుమనున్న లాలాజలపు పొర పట్టు కల్పిస్తుంది. కిందిపలకకు సన్నని చిగురుగట్టే దిక్కు. నాలుక, చెంపల కండరాలు దాన్ని నిత్యం కదుపుతాయి. పైగా పళ్లు లేని దవడ ఎముక ఏటేటా అరిగిపోతుంది.

1952లో స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్, కుందేటి ఎముకలో అమర్చిన టైటానియం విడదీయరానంతగా ఎముకతో కలిసిపోవడం గమనించాడు. 1965లో ఒక రోగి దవడలో టైటానియం మరలు నాటాడు. అవే నేటి ఇంప్లాంట్లు. 2002లో కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు, పళ్లన్నీ పోయిన కిందిదవడకు రెండు ఇంప్లాంట్ల ఆధారంతో నిలిచే పలకను మొదటి ఎంపికగా సూచించారు. దీనికి ప్రధానమైన ఆధారం రోగుల తృప్తి. పలక నిలుస్తోందా, నమలగలుగుతున్నారా, మాట తేటగా వస్తోందా, నలుగురిలో నవ్వగలుగుతున్నారా అని పరిశోధకులు వారినే అడిగారు. సాధారణ సెట్టు పెట్టుకున్నవారికంటే ఇంప్లాంట్ల ఆధారమున్నవారే ఎక్కువ సంతృప్తి ప్రకటించారు.

మామయ్యకూ రెండు నాటించాం. కొన్ని నెలల తరువాత కిందిపలకను గుండీలు పెట్టినట్లు వాటికి తగిలించారు. పైపలక పాతదే. సకారం ఇప్పటికీ ఒక్కోచోట తడబడుతుంది. కాని భారతం అటక దిగింది. గారె ముక్క నోట వేసుకునేటప్పుడు ఆయన ఎవరి వంకా చూడరు.

అందరికీ ఇదే మార్గమని చెప్పలేం. ఖర్చు సాధారణ సెట్టుకు అనేక రెట్లు. మిరపపంట డబ్బుమీద బతికే ఇంటికి అది చిన్న భారం కాదు. అదుపులేని మధుమేహం, పొగతాగే అలవాటు ఉన్నవారిలో ఇంప్లాంటు నిలవకపోయే ప్రమాదం ఎక్కువ. చక్కగా అమరిన సాధారణ సెట్టుతోనే సుఖంగా ఉన్నవారు ఎందరో ఉన్నారు. ఏ పద్ధతిలోనైనా ప్రతిదినం శుభ్రత తప్పదు.

ఇంట్లో పెద్దవారు మాటలు తగ్గిస్తే వయసు మీదపడిందని సరిపెట్టుకుంటాం. వారికి చెప్పవలసింది ఎంతో మిగిలి ఉండవచ్చు. పలక నొప్పి పెడుతోందేమో ఒకసారి అడిగి చూడాలి.