చౌటుప్పల్: నడుమెత్తు అడవి

హైదరాబాద్ నుంచి విజయవాడ దారిలో సుమారు యాభై కిలోమీటర్ల దూరాన ఉన్న చౌటుప్పల్ అనగానే మందుల కంపెనీలు, దండుమల్కాపురం పారిశ్రామిక పార్కు గుర్తుకొస్తాయి. 2016లో నల్లగొండ నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాకు మారిన ఈ ఊరికి అడవి కూడా ఉందంటే నమ్మేవాళ్లు తక్కువ. నడుమెత్తు దాటని అడవిని అడవిగా ఎవరు లెక్కగడతారు? కలివి, పరికి, బలుసు, రేగు, తంగేడు పొదలు రాచకొండ గుట్టల దాకా రాళ్ల సందుల్లో పరుచుకుని ఉంటాయి. 2019 నాటి జాతీయ బంజరు భూముల అట్లాస్‌లోనైతే దట్టమైన పొదల నేల కూడా బంజరు కిందే జమ. ఆ లెక్కే తప్పు.

ఉత్తర అమెరికా పసిఫిక్ తీరపు చల్లని వానడవుల్లో సలాల్ అనే పొద ఉంది. కలివిలాగే దళసరి ఆకు, ముదురు రంగు పండు. అక్కడి ఆదివాసులు ఆ పండ్లను దంచి, ఎండబెట్టి చలికాలానికి దాచుకునేవాళ్లు. ఏటా రెండు వేల మిల్లీమీటర్ల వాన పడేచోట పొద మహావృక్షాల నీడన బతుకుతుంది. చౌటుప్పల్ వైపు పడేది సుమారు ఏడు వందలు, అదీ ఎక్కువగా నాలుగు నెలల్లోనే. ఇక్కడ చాలాచోట్ల పొదే అడవికి పైకప్పు. చౌటుప్పల్ దగ్గరి లక్కారం తంగేడువనంలో అటవీశాఖ ప్రయత్నించిన చిక్కటి నాటుకు మూలం జపాన్ శాస్త్రవేత్త మియవాకి పద్ధతి. అందులో జనానికి నచ్చింది చిక్కదనం; ఆ నేలకు ఏది సహజమో ముందు కనుక్కోమన్న ఆయన షరతు మాత్రం వెనకబడింది. ఆ షరతు మరిస్తే ఏమవుతుందో సలాలే చూపింది: 1820లలో బ్రిటన్ చేరిన ఆ పొదను అక్కడ వేటపక్షులకు చాటు కోసం ఎస్టేట్లలో నాటారు. ఇప్పుడది అక్కడి పొదల మైదానాలనే కమ్మేస్తుంటే పీకుతున్నారు.

ఈ పొదలు నరికివేత, మేకల మేత తర్వాత మిగిలిన శిథిలాలే కదా అనవచ్చు. కొంత నిజమే. అయినా చెట్టు తిరిగి లేవాలన్నా ముళ్ల పొదే దారి: పండు కోసం వాలిన పిట్ట విత్తనం రాలుస్తుంది, మొలకను మేక నోటికి అందకుండా ముల్లు కాస్తుంది. సీతాఫలం అమెరికా నుంచి వచ్చి ఈ గుట్టల్లో బతకలేదా అన్న ప్రశ్న ఇంకా గట్టిది. బతికింది, ఎందుకంటే అదీ పొదలాంటి చెట్టే, ఎండాకాలం ఆకు రాల్చి ఈ నేల పద్ధతికి ఒదిగింది. ఇక కలివి పండును ఎవరు కొంటారంటారా? దాని దాయాది వాక్కాయ పప్పులో పడుతుంది, పాకం పట్టి రంగు వేస్తే బేకరీ కేకు మీద చెర్రీ పేరుతో కూర్చుంటుంది. బతికుంటే బలుసాకు తినొచ్చన్న సామెత కరువులో ఈ పొదల విలువ తెలిసినవాళ్లదే. ఫ్యాక్టరీల గోడల వెంట పచ్చదనం ఎలాగూ పెంచాలి. నీళ్ల ట్యాంకర్ మీద బతికే అలంకార మొక్కల బదులు అక్కడ కలివి కంచె వేయడానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు, నర్సరీలు దాని విత్తనం పోస్తే చాలు.