కాలువ నీళ్ళూ, నా తప్పుడు ఆడిట్

నేను రక్షణ శాఖ అకౌంట్స్‌లో ముప్ఫై మూడేళ్ళు పని చేశాను. చదివింది బి.కామ్. జీవశాస్త్రం రిటైరయ్యాక సొంతంగా చదువుకున్నదే. ఆ అరకొర చదువుతో నేను చేసిన ఒక తప్పు గురించి ఇక్కడ వ్రాస్తున్నాను.

కాడిస్ పురుగుని నేను మొదట చూసింది అరకు దగ్గర ఒక వాగులో. ఇది సీతాకోక చిలుకలకి దగ్గర బంధువు. లార్వా దశ నీళ్ళలోనే గడుస్తుంది. నోటి దగ్గర నుంచి వచ్చే పట్టుదారంతో ఇసుక రేణువులూ, ఆకు ముక్కలూ అతికించి గొట్టం లాంటి ఇల్లు కట్టుకుని, ఆ ఇంటితో సహా తిరుగుతుంది. పక్కనే ఉన్న మా బావమరిది "బావగారూ, దేవుడు నేర్పకపోతే దీనికి ఈ పనితనం ఎలా వచ్చింది?" అన్నాడు.

"అన్ని కాడిస్‌లూ ఇల్లు కట్టవు. కొన్ని ఇల్లు లేకుండానే రాళ్ళ మీద తిరుగుతాయి. కొన్ని రాళ్ళ మధ్య వల అల్లి, ప్రవాహంలో కొట్టుకొచ్చే తిండి పట్టుకుంటాయి. పట్టుదారం ఒకటే, వాడకాలు వేరు. ఏ వాడకం ఎక్కడ పనికొస్తే అక్కడ అది నిలిచింది. దీనికి దేవుడెందుకు?" అన్నాను. అతను మాట్లాడలేదు. నాకు గర్వం వచ్చింది.

ప్రపంచంలో 16,000కి పైగా కాడిస్ జాతులున్నాయి. మన దేశంలోనే వెయ్యి దాటాయి. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉన్నాయి. వీటిలో చాలా జాతులు మురికిని తట్టుకోలేవు. అందుకే నీటి నాణ్యత చూసేవాళ్ళు వీటిని లెక్కపెడతారు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా నీటి పురుగుల కుటుంబాలకి మార్కులిచ్చే పద్ధతి ఒకటి తయారు చేసింది. రసాయన పరీక్ష ఆ రోజు క్యాష్ బ్యాలెన్స్ లాంటిది. నెలల తరబడి నీళ్ళలో బతికిన పురుగు లెడ్జర్ లాంటిది.

ఇది చదివి, పుదుచ్చేరి ఏంబలంలో మా ఇంటి దగ్గరి పొలం కాలువలో జల్లెడ వేశాను. మూడు వారాలు వెతికినా ఒక్క కాడిస్ దొరకలేదు. టీ కొట్లో కూర్చుని "ఈ నీరు చచ్చిపోయింది, పశువులకి పెట్టకండి. సైన్స్ చెబుతోంది" అని ప్రకటించాను. ఒక పెద్దాయన నా మాట నమ్మి, తన రెండు ఆవుల్నీ నెలన్నర పాటు దూరంగా ఉన్న బోరు దగ్గరకి తోలుకెళ్ళాడు.

తరువాత ఇంకొంచెం చదివితే నా తప్పు తెలిసింది. ఏ పురుగు ఎక్కడ ఉంటుందనేది ఒక్క శుభ్రతని బట్టే ఉండదు. ప్రవాహం, ఆక్సిజన్, నీటి వేడి, అడుగున రాళ్ళున్నాయా బురద ఉందా అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. వల కట్టే కాడిస్‌కి పారే నీరు కావాలి. మా కాలువ ఈశాన్య ఋతుపవనాలకి నిండుతుంది, వేసవిలో ఎండుతుంది. అడుగంతా బురద. అరకు వాగులో ఉండేవి ఇక్కడ లేకపోతే అది కాలుష్యానికి రుజువు కాదు. నిలవ నీటిలో బతికే జాతులూ ఉన్నాయి కానీ వాటిని గట్టు వెంట నాచులో, కలుపు మొక్కల్లో వెతకాలి. నేను మధ్యలో మాత్రమే వెతికాను. వోచర్ కనబడలేదు కాబట్టి డబ్బు తిన్నాడని వ్రాసే ఆడిటర్లని నేనే ఎన్నోసార్లు తప్పు పట్టాను!

మరుసటి వానాకాలంలో గట్టు వెంట వెతికితే రెండు సన్నని గొట్టాలు దొరికాయి. లోపల లార్వాలున్నాయి. అంతమాత్రాన ఆ నీళ్ళు మంచివని కూడా చెప్పలేం. రోగక్రిముల గురించి కాడిస్ ఏమీ చెప్పదు.

టీ కొట్టుకి వెళ్ళి అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాను. "అయితే నీళ్ళు మంచివేనా సార్?" అని అడిగాడు పెద్దాయన. "తెలియదు, ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి" అన్నాను. పక్కనున్నతను నవ్వి "మీకూ జోస్యం చెప్పేవాడికీ తేడా ఏమిటి సార్?" అన్నాడు.

జోస్యం చెప్పేవాడు తప్పు ఒప్పుకోవడానికి తిరిగి రాడు. తేడా అదే. కానీ ఆ తేడా వల్ల పెద్దాయన నెలన్నర శ్రమ తిరిగి రాదు. ఆయన దేవుణ్ణి నమ్మినట్టే నన్నూ నమ్మాడు, రుజువు అడగలేదు. "సైన్స్ చెబుతోంది" అన్న నేనూ రుజువు చూపలేదు. హేతువాదులమైన మనం ఆ మాట వాడే ముందు, నిజంగా చెబుతున్నది సైన్సా, మన గర్వమా అని ఒకసారి చూసుకోవాలి.