కుక్క బతుకు

ఇంటర్నల్స్ ముందు రాత్రి మా హాస్టల్లో కనీసం నలుగురైనా అనే మాట, "కుక్క బతుకురా మనది." నేనూ చాలాసార్లు అన్నాను. డయోజినీస్ గురించి చదివాక మాత్రం అనాలంటే మొహమాటంగా ఉంది.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో సినోపె నుంచి ఏథెన్స్‌కి వచ్చినవాడు. జనం కుక్క అని తిడితే ఆ పేరే ఉంచేసుకున్నాడు. సినిక్ అన్న మాట వెనక ఉన్నదీ కుక్కే, గ్రీకులో. ఒక విందులో ఎవరో ఆయనకి కుక్కకి విసిరినట్టు ఎముకలు విసిరారట. ఆయనేం వాదించలేదు. వెళ్ళి కుక్కలాగే వాళ్ళ మీద పోసి వచ్చాడు. (నవ్వొచ్చిందా? నాకూ వచ్చింది.)

అలెగ్జాండర్ని ఎండకి అడ్డం తప్పుకోమన్న కథ అందరికీ తెలిసిందే. నాకు నచ్చింది ఎలుక కథ. పడుకోడానికి చోటు వెతుక్కోకుండా, చీకటికి భయపడకుండా తిరుగుతున్న ఎలుకని చూసి ఎలా బతకాలో నేర్చుకున్నాడట. మనిషి పట్టేంత మట్టి జాడీలో కాపురం. ఒక పిల్లాడు దోసిలితో నీళ్ళు తాగడం చూసి, ఉన్న ఒక్క గిన్నే పారేశాడు.

ఇదంతా బద్ధకం అనుకుంటే పొరపాటే. వేసవిలో కాలే ఇసుకలో దొర్లేవాడు, చలికాలంలో మంచు పట్టిన విగ్రహాల్ని కౌగిలించుకునేవాడు. ఎలుకకి ఊరికే వచ్చిందాన్ని మనిషి సాధన చేసి తెచ్చుకోవాలి మరి. ఫూకో చనిపోవడానికి కొద్ది నెలల ముందు, 1984లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఇదే పట్టుకున్నాడు: సినిక్‌కి జంతువులా బతకడం తనకి తాను పెట్టుకునే పరీక్ష.

మరి ఇప్పుడు మనం సినిక్ అనేది ఎవర్ని? జర్మన్ తత్వవేత్త పీటర్ స్లోటర్‌డైక్ 1983లో వచ్చిన పుస్తకంలో పాతవాళ్ళకీ కొత్తవాళ్ళకీ స్పెల్లింగే వేరు చేశాడు. కొత్త సినిక్‌కి అంతా బూటకమని తెలుసు. తెలిసే, అందులోనే హాయిగా సర్దుకుంటాడు.

అక్కడ నాకు కాస్త గుచ్చుకుంది. పోయిన సెమ్‌లో రీడింగ్స్ మొత్తం సీనియర్ రికార్డులోంచి దించాను. నా ల్యాబ్ పార్ట్‌నర్ నిజంగా వచ్చినవే వేసింది. గ్రాఫ్ వంకరగా వచ్చి మార్కులు పోయాయి. "అంతా ఇంతే, ఎవడు చూస్తాడు?" అని నేను తనకి జ్ఞానం కూడా బోధించాను. నేనో పెద్ద సినిక్‌నని లోపల గర్వం.

ఈ సెమ్ మొదటి ప్రయోగం నిన్న అయింది. నా గ్రాఫ్‌లో మూడో పాయింట్ గీత మీద పడట్లేదు. సీనియర్ రికార్డు మంచం మీదే ఉంది. సబ్మిషన్ రేపు పొద్దున్న.